మద్రాసు బస్టాండు దగ్గర వేపచెట్టు కింద స్పైక్స్ రిపేరు: మూడేళ్ల అనుభవం

బోర్డు లేదు. పేరు లేదు. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకుని వెతికినా దొరకదు. నెల్లూరు వీఆర్సీ సెంటర్ నుంచి మద్రాసు బస్టాండు వైపు నడిస్తే ఒక వేపచెట్టు, దానికి కట్టిన నీలం పట్టా, పట్టా కింద గోనెసంచి పరుచుకుని కూర్చున్న ఒక పెద్దాయన కనిపిస్తారు. ముందు మూడు కాళ్ల ఇనప దిమ్మె. పక్కన తోలు కుట్టే ఆరె, తోలు కోసే రంపె, మైనం ముద్ద, అతికించే సొల్యూషన్ డబ్బా. దారిన పోయేవాళ్లకు అది చెప్పులు కుట్టే చోటు. నాకు మాత్రం పరుగు పందెం స్పైక్స్‌ని నమ్మి ఇవ్వగలిగిన ఒకే ఒక్క చోటు. మూడేళ్లలో నా జత ఆయన దగ్గరికి ఏడుసార్లు వెళ్లింది. ఏడుసార్లూ తిరిగొచ్చాక అదే జతతో పరిగెత్తాను. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు 51 ఏళ్లు. జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల టీచర్ని. పుట్టింది కందుకూరు, మెట్టింది నెల్లూరు. మాస్టర్స్ అథ్లెటిక్స్‌లో 35 దాటిన దగ్గర్నుంచి ఐదేళ్లకో విభాగం ఉంటుంది. నాది 50 నుంచి 54. వంద, రెండొందల మీటర్లు పరిగెత్తుతాను. నిరుడు వందలో నా మంచి టైమ్ 16.4 సెకన్లు.

స్పైక్స్ వేసుకోనివాళ్ల కోసం రెండు మాటలు. చూడ్డానికి మామూలు బూటే, చేతిలోకి తీసుకుంటే బరువే ఉండదు. ముందరి పాదం కింద గట్టి ప్లాస్టిక్ ప్లేటు, ఆ ప్లేటులో ఆరో ఏడో మర గుంటలు, ఒక్కో గుంటలో ఒక పిన్ను. మడమ కింద దాదాపు ఏమీ ఉండదు. సింథటిక్ ట్రాక్ మీద పిన్ను 9 మిల్లీమీటర్లు దాటకూడదని రూలు. మేం రోజూ ప్రాక్టీసు చేసే మట్టికి అంతకంటే పొడుగు పిన్నులుంటే బాగా పట్టు దొరుకుతుంది. అంటే పోటీకి పోయే ముందు విప్పాలి, వచ్చాక మళ్లీ మార్చాలి. చెమట, మట్టి, మన కోస్తా గాలి, మూడూ కలిసి జనవరిలో బిగించిన పిన్నుని మార్చికల్లా మరలో కరిపించేస్తాయి. తల అరిగిపోయిన పిన్ను ఒకసారి కరుచుకుందా, ఇక పిన్నులు విప్పే తాళానికి లొంగదు.

సరిగ్గా అదే జరిగింది నాకు. ఎడమ బూటులో రెండు పిన్నులు రాలేదు, కుడి బూటు ప్లేటు బొటనవేలి దగ్గర నోరు తెరిచింది. ఊళ్లో ఒక పెద్ద షాపుకు తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర కుర్రాడు జతని వేలితో పక్కకు జరిపి, "ఇవి రిపేర్లు కావు మేడమ్. ఈ ఏజ్‌లో స్పైక్స్ ఎందుకు, మంచి వాకింగ్ షూస్ చూపిస్తా" అన్నాడు. చెడ్డవాడేం కాదు, అమ్మకం పనిలో ఉన్నాడు. కానీ ఆ రోజు ఇంటికొచ్చేదాకా నాకు మాట పెగల్లేదు. పరిగెత్తడం ఆపేయమని చెప్పే అధికారం ఒక బూట్ల కౌంటరుకు ఎక్కడిది?

మర్నాడు మా స్కూలు పిల్లల్లో ఒకడు ఈ చెట్టు సంగతి చెప్పాడు. వాళ్ల అన్న లాంగ్‌జంప్ బూట్లు ఇక్కడే కుట్టించాడట.

పెద్దాయన పని మొదలుపెట్టిన తీరు రాయకపోతే ఈ రివ్యూకి అర్థం లేదు. బూటు తీసుకుని మొదట ఏమీ చెయ్యలేదు. ప్లేటుని ఎండకు తిప్పి, ఒక్కో పిన్ను మొదట్లో ఉన్న మట్టిని ఆరె మొనతో గీకారు. కాటుక దిద్దినంత నెమ్మదిగా. ఆ తర్వాత సీసా మూతతో రెండు చుక్కలు కిరోసిన్ పోసి బూటుని ప్లేటు పైకి ఉండేలా చెట్టు మొదట్లో పెట్టి, వేరేవాళ్ల చెప్పు తీసుకున్నారు. పావుగంట. మళ్లీ తీసి పిన్ను తలని పట్కారుతో పట్టుకుని, విప్పే వైపుకు కాకుండా ముందు బిగించే వైపుకు వెంట్రుకవాసి తిప్పారు. టిక్కుమని చిన్న చప్పుడైంది. "ఇరిగిందా?" అన్నాను టెన్షన్‌గా. "లేదమా, తుప్పు ఇడిసింది" అని అప్పుడు వెనక్కి తిప్పారు. మరలోంచి ఎర్రటి పొడి రాలుతూ పిన్ను బయటికి వచ్చింది. రెండోది అరగంట సతాయించింది. ఆయన ఒక్కసారి కూడా సుత్తి ముట్టుకోలేదు. సుత్తి వేసి ఉంటే గుంట మరలు పోయేవి, ఆ ప్లేటు ఇక దేనికీ పనికొచ్చేది కాదు.

ఆ అరగంటలోనే అడిగారు. "తప్పుగా అనుకోబాకండి అమా. ఈ వయసులో ఇంత తిప్పలు దేనికి?"

మాట దాదాపు ఆ షాపు కుర్రాడిదే. కానీ ఈయన నా బూటుని రెండు మోకాళ్ల మధ్య పట్టుకుని, దాన్ని బతికిస్తూ అడిగారు. అందుకని నిజమే చెప్పాను. మెర్లీన్ ఓటీ అని ఒకామె ఉంది, ఆమె 50 ఏళ్ల వయసులో యూరప్ పోటీల్లో రిలే పరిగెత్తింది, అది చూశాక నాకు ఆగాలని అనిపించలేదు అన్నాను.

"యూరప్ ఆమేనా?"

"కాదు, జమైకా ఆమె. తర్వాత స్లొవేనియాకి మారింది."

అంతే, ఆయన చేతిలో పని నెమ్మదించింది. దేశం ఎట్టా మారతారు, ఎందుకు మారతారు అని అక్కడున్న ఇద్దరు స్టేడియం కుర్రాళ్లు కూడా దగ్గరికి జరిగారు. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడల్లా ఆ కథ కొంచెం కొంచెంగా సాగింది. ఇప్పుడు నాకు ఆ కథనీ ఈ కొట్టునీ విడదీసి రాయడం చేతకాదు.

ఓటీ 1960 మే 10న జమైకాలో హానోవర్ అనే పల్లెటూళ్ల జిల్లాలో పుట్టింది. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో 20 ఏళ్లకు 200 మీటర్లలో కాంస్యం. ఇంగ్లిష్ మాట్లాడే కరీబియన్ దీవుల్లో ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి మహిళ ఆమే. 1984లో రెండు కాంస్యాలు, 1992లో ఒకటి. 1996 అట్లాంటాలో రెండు వెండి, రిలేలో కాంస్యం. 2000 సిడ్నీ కూడా కలుపుకుంటే మొత్తం తొమ్మిది ఒలింపిక్ పతకాలు. ఒక్క బంగారం లేదు. అందుకే లోకం ఆమెకు కంచు రాణి అని పేరు పెట్టింది. ఆ పేరు నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ల్లో ఆమెవి 14 పతకాలు, అందులో మూడు బంగారాలు, 1993లోనూ 1995లోనూ 200 మీటర్లలో వరసగా ఆమే ఛాంపియన్. 1993లో లీవాన్‌లో ఇండోర్ 200 మీటర్లు 21.87లో పరిగెత్తింది. ఆ రికార్డుని ముప్పై ఏళ్లు దాటినా ఎవరూ కొట్టలేదు. అలాంటి మనిషిని పట్టుకుని కంచు అంటే ఎట్లా?

నేను ఆమెను మొదట చూసింది అట్లాంటా అప్పుడు. 1996 జులై, నాకు 21. మా వీధిలో కలర్ టీవీ ఉన్న ఇంట్లో, పొద్దున్నే, దూరదర్శన్‌లో. మహిళల వంద మీటర్ల ఫైనల్. అమెరికా రన్నర్ గెయిల్ డెవర్స్, ఓటీ ఇద్దరూ ఒకేసారి గీత దాటారు. ఇద్దరికీ 10.94. ఫోటో చూసి బంగారం డెవర్స్‌కి ఇచ్చారు. మా ఇంట్లో పీటీ ఉష ఫోటో గోడకు ఉండేది. 1984లో సెకనులో వందో వంతుతో ఆమె కాంస్యం పోయిన బాధ మా ఇంట్లో ఒక చావు కబురులా చెప్పుకునేవాళ్లు. ఇక్కడేమో ఆ వందో వంతు తేడా కూడా లేదు. టీవీలో ఓటీ మొహం చూస్తూ నేను ఏడ్చాను.

అంతకు మూడేళ్ల ముందు స్టుట్‌గార్ట్ ప్రపంచ పోటీల్లో కూడా ఇదే జరిగిందని తర్వాత తెలిసింది. అక్కడా డెవర్సే, ఇద్దరికీ 10.82. ఫోటోలో వెయ్యో వంతు దాకా చూస్తే డెవర్స్ 10.811, ఓటీ 10.812. ఓడిన ఆమె కోసం స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొడుతూనే ఉంది.

ఈ వెయ్యో వంతు మాట విన్న రోజు పెద్దాయన ఏమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి ఒక అలవాటు వచ్చింది ఆయనకు. పిన్నులన్నీ బిగించాక బూటుని తిరగేసి, ఒక్కో పిన్నునీ బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని ఊపి చూస్తారు. ఏ మాత్రం కదిలినా విప్పి మరలో ఒక చుట్టు దారం పెట్టి మళ్లీ బిగిస్తారు. నేను అడగలేదు. ఎవరూ నేర్పలేదు. ఈ ఒక్క పనికి నేను ఐదుకు ఐదు నక్షత్రాలు ఇస్తాను.

ఇక దేశం మారిన సంగతి. 1998 నుంచే ఆమె స్లొవేనియా రాజధాని ల్యుబ్‌ల్యానాలో ఉండి ప్రాక్టీసు చేసేది. 1999లో డోప్ పరీక్షలో నాండ్రొలోన్ అనే నిషేధిత మందు వాడినట్టు వచ్చి, నిషేధం పడింది. ఆమె పోరాడింది. ల్యాబు లెక్కలోనే తప్పుందని తేలి 2000 జులైలో నిషేధం ఎత్తేశారు. అప్పటికి ఆమెకు 40 ఏళ్లు. జమైకా ట్రయల్స్‌లో వంద మీటర్లలో నాలుగో స్థానం. అయినా వేరే అమ్మాయిని పక్కనపెట్టి సిడ్నీలో ఓటీని దింపారు. దాంతో ఒలింపిక్ గ్రామంలోనే ఆమె సొంత జట్టువాళ్లు ఆమెకు వ్యతిరేకంగా నిరసనకు దిగారు.

ఇక్కడ నేను రెండు వైపులా ఆలోచిస్తాను. పీఈటీని కదా, సెలెక్షన్లు నేను కూడా చేస్తాను. ట్రయల్స్‌లో ముందొచ్చిన పిల్లని పక్కన పెడితే ఆ పిల్ల కడుపుకోత నాకు తెలుసు. ఆ అమ్మాయికి అన్యాయం జరిగిందనే అంటాను. కానీ ఇరవై ఏళ్లు ఆ దేశానికి పతకాలు మోసుకొచ్చిన మనిషి, తన సొంత వాళ్ల నినాదాలు చెవిన పడుతుండగా వెళ్లి స్టార్టింగ్ బ్లాకుల్లో కూర్చోవడం ఎంత కష్టమో అది కూడా తెలుసు. ఆ ఫైనల్లో ఓటీ నాలుగో స్థానంలో వచ్చింది. మొదటొచ్చిన మారియన్ జోన్స్ మందులు వాడినట్టు 2007లో ఒప్పుకుంది. 2009లో ఓటీకి కాంస్యం దక్కింది. పరిగెత్తినప్పుడు 40, పతకం వచ్చేసరికి 49. అదే సిడ్నీలో మన కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిస్తే ఆ రోజు మా స్కూల్లో మిఠాయిలు పంచాం. ఆ రోజు పొందాల్సిన ఆనందం తొమ్మిదేళ్ల తర్వాత కాగితం మీద వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

2002 మేలో ఆమె స్లొవేనియా పౌరురాలైంది. 2004 ఏథెన్స్‌లో ఆ దేశం తరఫున పరిగెత్తింది. అది ఆమెకు ఏడో ఒలింపిక్స్, సెమీఫైనల్ దాకా వెళ్లింది. 2007లో 47 ఏళ్లకు ఒసాకా ప్రపంచ పోటీల్లో హీట్స్, అంటే తొలి రౌండు. 2010లో బార్సిలోనాలో యూరప్ ఛాంపియన్‌షిప్‌లో 4×100 రిలే ఆఖరి లెగ్, 50 ఏళ్లకు. 2012లో హెల్సింకీలో ఇంకోసారి. 50 ఏళ్ల వయసులో వంద మీటర్లు 11.67లో పరిగెత్తింది. మా విభాగంలో మేమందరం తలెత్తి చూసే అంకె అది.

"డబ్బుకి పోయిందా?" అని కుర్రాళ్లలో ఒకడు అడిగాడు. స్లొవేనియా ఎంత దేశమో చెప్పాను. జనాభా మొత్తం 20 లక్షల చిల్లర. 2011 లెక్కల్లో మన నెల్లూరు జిల్లాకే 29 లక్షల పైన ఉన్నారు. చమురు డబ్బుతో రన్నర్లని కొనుక్కునే దేశం కాదు అది. ఆమె అక్కడికి పోయింది పరిగెత్తనిస్తారని. నాకైతే అంతకంటే వేరే కారణం కనిపించదు.

ఇంకొకడు మంచి ప్రశ్న వేశాడు. "అయితే మేడమ్, ఆమె ఇప్పుడు ఎవురి మనిషి?"

నేను మా కందుకూరు సంగతి చెప్పాను. మా నాన్న పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి పోయింది, అదే ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్లో మళ్లీ నెల్లూరులో కలిపారు. ఆయన ఇల్లు కదల్లేదు, మంచం కదల్లేదు. నేను స్కూలు మీట్లలో ప్రకాశం జిల్లాకి పతకాలు తెచ్చాను, ఇప్పుడు నెల్లూరు తరఫున పరిగెత్తుతున్నాను. ఆ పాత సర్టిఫికెట్ల మీద జిల్లా పేరు చూసి నన్ను ఎవరూ పరాయిదాన్ని అనలేదు, అంటే ఊరుకోను కూడా.

పెద్దాయన అప్పుడు తన మాట చెప్పారు. ఆయనది మార్కాపురం వైపు పల్లె. కరువుకి ముప్పై ఏళ్ల కింద ఇక్కడికి వచ్చారు. "ఆడికి పోతే నెల్లూరాయన వచ్చినాడంటారు. ఈడ మార్కాపురమాయన అంటారు. రెండూ నిజమే కదమా" అన్నారు. అని దారానికి మైనం రుద్దుకుంటూ ఉండిపోయారు. జమైకావాళ్లు కూడా ఆమెను వదులుకోలేదు. కింగ్‌స్టన్‌లో నేషనల్ స్టేడియం ఆవరణలో ఆమె విగ్రహం ఉంది. ఆ మాట చెబితే ఆయన మొహం వెలిగింది. "పుట్టింటోళ్లు తలుచుకున్నారన్నమాట" అన్నారు.

రివ్యూ కాబట్టి లోపాలు కూడా చెప్పాలి. వేళలు నమ్మలేం. పట్టా పెద్ద వానని ఆపదు, కాబట్టి తుఫాను రోజుల్లో ఆయన రారు, మీ జత ఇంకొకరి వరండాలో ఉంటుంది. కొత్త పిన్నులు ఆయన దగ్గర దొరకవు, మనమే తెచ్చుకోవాలి. ప్లేటు అడ్డంగా పగిలితే ఆయన కూడా ఏమీ చెయ్యలేరు, ఆ మాట మొహం మీదే చెప్పేస్తారు. కుట్టు దారం రంగు కలవదు. నా తెల్ల బూటు మీద నల్ల కుట్లు కనిపిస్తాయి. నాకు పట్టింపు లేదు, కొందరికి ఉండొచ్చు.

ఒకసారి నన్ను నిజంగా భయపెట్టారు. ఒంగోలులో పోటీ, మర్నాడు పొద్దున బస్సు. సాయంత్రం వెళితే ప్లేటు ఇంకా అతకలేదు. ఇంట్లో ఎవరికో బాగాలేక పొద్దున్నుంచి కూర్చోలేదట. సొల్యూషన్ రాశాక కనీసం రాత్రంతా బరువు కింద ఉండాలి, లేకపోతే మొదటి స్టార్టుకే ఊడుతుంది. నాకు నోటి దాకా మాట వచ్చింది, మింగాను. "బస్సు ఎన్ని గంటలకమా?" అన్నారు. ఐదున్నర అన్నాను. మర్నాడు ఐదుంబావుకి ఆర్టీసీ బస్టాండులో, ఒంగోలు బస్సులు ఆగేచోట, న్యూస్ పేపర్లో చుట్టిన జత పట్టుకుని నిలబడి ఉన్నారు. రాత్రంతా ఇంట్లో రోలు కింద పెట్టారట. డబ్బులు ఇవ్వబోతే వచ్చాక చూద్దాం పొమ్మన్నారు. ఆ రోజు 200 మీటర్లలో నాకు మూడో స్థానం వచ్చింది. ప్లేటు ఈ రోజుకీ ఊడలేదు.

ధరలు: కరుచుకున్న పిన్ను తీయడానికి ఒక్కోదానికి 20 రూపాయలు, ప్లేటు అతికించి చుట్టూ కుట్టు వేయడానికి జతకు 150, మామూలు కుట్టుకి 30. బేరం ఆడకండి. ఒక పిన్ను కోసం అరగంట కూర్చునే మనిషి దగ్గర బేరమేంటి. ఫోన్‌పే ఉంది, వాళ్ల అబ్బాయి పెట్టించాడు. పిల్లల బూట్లకు సగమే తీసుకుంటారు. అది ఆయన చెప్పరు, చిల్లర తిరిగి ఇచ్చినప్పుడు తెలుస్తుంది.

వెళ్లేవాళ్లు పొద్దున పదకొండులోపు వెళ్లండి, మధ్యాహ్నం ఎండ ఆ వైపుకు తిరుగుతుంది, సొల్యూషన్ సరిగా పట్టదు. పిన్ను తాళం మీదే తీసుకెళ్లండి. పోటీకి కనీసం మూడు రోజుల ముందు ఇవ్వండి. తీసుకునేటప్పుడు పేపరు పొట్లం మీద సుద్దతో రాసిన పేరు చూసుకోండి. నా పొట్లం మీద జమైకా అని ఉంటుంది. ఆమె 2002లోనే స్లొవేనియాకి పోయింది కదా అంటే, పుట్టిల్లు రాశానమా అన్నారు. పొరపాటున అది మాత్రం తీసుకుపోబాకండి.